ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు

మా పికప్‌ను అమ్మేసిన రోజు, డ్రైవర్ సీటు వెనక జాకీ పెట్టే సందులో ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కొనే మనిషి సాయంత్రం వస్తానన్నాడు. ఆలోగా బండిలో మావంటూ ఉన్నవన్నీ తీసేయాలని మధ్యాహ్నం నుంచి వంగి వెతుకుతున్నాను. తాడు, టమాట ట్రేల మీద కప్పే చిరిగిన టార్పాలిన్, అద్దానికి వేలాడే ఎండు నిమ్మకాయలు, డాష్‌బోర్డు మీద పొడిపొడి అయిపోయిన జమ్మి ఆకు. తీసిన ప్రతిదాన్నీ వరుసగా పేర్చుకుంటే తప్ప నాకు తోచదు. ఆ వరుసలో చివరిది ఈ డబ్బా. మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవర్‌తో లేపితే లోపల పాత హెడ్‌లైట్ బల్బులు, ఒక్కొక్కటీ నూలు పోగుల్లో గుడ్డులా చుట్టి ఉన్నాయి. ఒకటో రెండో ఫిలమెంటు తెగినవి. మిగతావన్నీ పాడు కానివే. వాటిలో ఎక్కువ బండిలోంచి విప్పింది నేను. ఇన్నేళ్ళూ దాచింది బాపు.

బాపు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నా చప్పుళ్ళను వింటున్నాడు. మూత లేచిన చప్పుడుకు ముఖం ఇటు తిప్పాడు.

"డబ్బా దొరికిందా?"

"గివి పారెయ్యలేదా బాపూ?"

"మంచియి ఎట్ల పారేస్తరురా? వెలిగేటియి."

"వెలిగేటియని నీకు ఎర్కనేనా?"

"నాకెందుకు ఎర్క లేదు?" అన్నాడు బాపు. తర్వాత ముఖం మళ్ళీ వీధివైపు తిప్పుకున్నాడు. వీధి ఆయనకు ఇప్పుడు ఒక వెలుతురు ముద్ద మాత్రమే. మనుషులు అందులో ఉన్నారో లేదో చప్పుడును బట్టి తెలుసుకుంటాడు.

బండిని ఎందుకు అమ్ముతున్నామని వాడలో ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పాం. బాపు నడపడు, పెట్టుకున్న డ్రైవర్ మానేశాడు, మడికొండలో ఉద్యోగం చేసే నాకు తీరిక లేదు. మూడు కారణాల్లో మొదటి రెండూ నిజం. మూడోది నేను ఇంట్లో చెప్పిన మాట. ఈ వర్షాకాలంలో ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు బైకు లైటు చాలడం లేదని అనిపించడం మొదలైంది. షాపుకు వెళ్ళి మంచి బల్బు అడగబోయి, అడగకుండానే తిరిగొచ్చి, మర్నాడు హనుమకొండలో కంటి దవాఖానకు వెళ్ళాను. డాక్టర్ చెప్పింది కొత్త సంగతేమీ కాదు. ఆ మాటలు అదే దవాఖానలో ఒకసారి విన్నవే. అప్పుడు కుర్చీలో బాపు ఉన్నాడు, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మకు చెప్పడం ఎట్లాగో తెలియక చెప్పలేదు.

ఆ బల్బులను వరండా గచ్చు మీద పేర్చుకుంటూ కూర్చుంటే, ఏది ఏ దసరాకు వేశామో గుర్తుకొచ్చింది. మా ఇంట్లో దసరాకు అందరికీ కొత్త బట్టలు, బండికి కొత్త బల్బులు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, నాకు ఊహ తెలిసేసరికే ఉంది. పొద్దున్నే బండి కడిగి, ముందు అద్దానికి పసుపు రాసి, రెండు హెడ్‌లైట్లకూ అమ్మ కుంకుమ బొట్లు పెట్టేది. బొట్టు పెట్టకముందే బల్బు మార్చాలి. బాపు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అయినా నమ్మకం లేక మగ్గం దగ్గర మిగిలిన నూలు పోగులతో బల్బును పట్టుకునేవాడు. వేలు తగిలితే ఆ జిడ్డు దగ్గర వేడెక్కి గాజు పగులుతుందని ఎక్కడో విన్నాడు. అది నిజమేనని తర్వాత పాలిటెక్నిక్‌లో చదువుకున్నాను. ఆయన బల్బును పట్టుకునే తీరు చూస్తే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లను పట్టుకున్నట్టు ఉండేది. గంజి వాసన, రంగుల వాసన, డీజిల్, తడి మట్టి, కొత్త బట్టల మడత వాసన, అన్నీ కలిసి నా ముక్కుకు దసరా అంటే అదే.

గంజి, రంగులు ఎందుకంటే మాది నేత ఇల్లు. తాత జంపఖానాలు నేసేవాడు. ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. ఆయన నడుం దాకా ఆ గుంటలో దిగి కూర్చుంటే, చిన్నప్పుడు నాకు తాత నేలలోంచి మొలిచినట్టు కనిపించేవాడు. దీపాలు పెట్టే వేళకు పని ఆపేసేవాడు. గోడ పట్టుకుని లేచి, గోడ పట్టుకునే నడిచేవాడు. అమ్మ పొయ్యి దగ్గర ఎంత పనిలో ఉన్నా, ఆయన అడుగుల చప్పుడు గడప దాకా రాగానే అక్కడి నుంచే అనేది, "పైలం మామా, మెట్టున్నది." ఆ మాట మా ఇంట్లో సాయంత్రం దీపంలాగా రోజూ వెలిగేది. తాతకు రాత్రి చూపు మొదట పోయింది, తర్వాత పక్కల చూపు, ఆ తర్వాత మొత్తం. మగ్గమే కండ్లు తిన్నదని ఆయన నమ్మకం. వాడలో అందరి నమ్మకమూ అదే. చీకటి గదిలో, గుంటలో కూర్చుని, ఏళ్ళ తరబడి సన్నటి పోగుల వైపు చూస్తే కండ్లు పోక ఏమవుతాయి అనేవాళ్ళు.

బాపు ఆ మాట నమ్మి మగ్గం దిగాడు. తాత కండ్లు తనకు రాకూడదని డ్రైవింగ్ నేర్చుకున్నాడు. పాత పికప్ కొన్నాడు. గుంటను మట్టితో పూడ్చి, పైన గచ్చు చేయించి, దాని మీద స్టెప్నీ టైరు పెట్టాడు. నేను ఆ గుంటలో కాలు పెట్టకూడదని ఆయన పట్టుదల. చీకటితోనే లేచి మరిపెడ దిక్కు పోయి, రైతుల దగ్గర టమాట, మిర్చి, వంకాయ ఎత్తుకుని, తెల్లవారేసరికి వరంగల్ మార్కెట్‌లో దించేవాడు. అమ్మ మాత్రం ఇంట్లో కండెలు చుట్టడం మానలేదు. వాడలో మిగిలిన మగ్గాల వాళ్ళకు నూలు సర్ది ఇచ్చేది. అందుకే మా దండెం మీద ఎప్పుడూ నాలుగు రంగుల నూలు చుట్టలు, చిలపలంటాం, వేలాడుతుండేవి. జంపఖానా చారలకు వాడేవి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు.

నేను పాలిటెక్నిక్‌లో చేరిన ఏడు బాపు మొదటిసారి అన్నాడు, "లైట్లు గుడ్డిగున్నయిరా. జర చూడు." నాకు అప్పుడే కొత్తగా మీటర్ కొనిచ్చారు. దేన్ని కొలుద్దామా అని చూస్తున్న రోజులవి. బ్యాటరీ దగ్గర కొలిచాను, బల్బు హోల్డర్ దగ్గర కొలిచాను. దారిలో సగం దొంగలు పడ్డట్టుంది. పాత సన్నటి వైరు, తుప్పు పట్టిన ఎర్త్, అరిగిన స్విచ్చు, మూడూ కలిసి బల్బుకు చేరాల్సిన కరెంటును మింగేస్తున్నాయి. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా లాగాను. అదే అరవై యాభై ఐదు వాట్ల బల్బు, ఇంకో బండిది అన్నట్టు వెలిగింది. బాపు ముఖం కూడా వెలిగింది. ఆ మొదటి గెలుపు నిజమైనదే. మమ్మల్ని ముంచింది కూడా అదే. లైట్లు గుడ్డిగా ఉన్నాయని బాపు అన్నప్పుడల్లా, లోపం బండిలో ఉంటుందని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత ప్రతి దసరాకూ ఒక మెట్టు పైకి ఎక్కాం. మెయిన్ రోడ్డు మీద యాకూబ్ చాచా ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. నన్ను చూడగానే పాన్ నోట్లో ఒక పక్కకు నెట్టి, "ఆవో ఇంజినీర్ సాబ్, ఇయ్యాల దేనికి పానం పోద్దాం?" అనేవాడు.

"నూరు తొంబై వాట్ల బల్బులు కావాలె చాచా."

"హోల్డర్ కరిగి కారితే నా మీదికి రావొద్దు మల్ల."

"సిరామిక్ హోల్డర్ సుత ఇయ్యి. రిలే ఉన్నది, వైరు లావుది ఏసిన."

"అన్నీ ఏసినవ్ గని, మీ బాపు రోడ్డు మీద గుంతలు చూస్తడా, చందమామ మీద గుంతలు చూస్తడా?"

నూరు తొంబై వేశాం. అదీ ఏడాదిలోపే గుడ్డిదైంది. అద్దం మసకబారిందేమోనని రెండు లైట్ల డోములూ కొత్తవి మార్చాం. తర్వాత వెనక చిన్న ఫ్యాన్ ఉండే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వచ్చాయి. అవి కొనేముందు నేను చూసుకున్నవి ఇవి: వెలుతురు రంగు, చిప్పు కూర్చున్న చోటు, ఫ్యాను వెనక రబ్బరు మూత పడుతుందా లేదా. వీటిలో చిప్పు చోటే ముఖ్యం. పాత హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ వెలుతురు పుట్టకపోతే, రిఫ్లెక్టర్ దాన్ని రోడ్డు మీదికి కాక ఎదుటివాళ్ళ కండ్లలోకి విసురుతుంది. మేం కొన్నవి అట్లాగే విసిరాయి. ఎదురొచ్చే లారీల వాళ్ళు డిప్పర్ కొట్టి కొట్టి, కిటికీలోంచి తల పెట్టి తిట్టేవాళ్ళు. బాపు ఇంటికొచ్చి ఆ తిట్లు వరసపెట్టి చెప్పి నవ్వేవాడు. "ఒకడైతే, ఓ పెద్దమనిషీ, సూర్యుణ్ణి ఏడికెల్లి కట్టుకొస్తానవ్ అన్నడురా." నవ్వి, అన్నం కలుపుతూ, "అయినా నాకైతే మంచిగ కనవడ్తలేదు," అనేవాడు.

బల్బు మార్చిన ప్రతిసారీ పరీక్ష ఉండేది. అది అమ్మ కనిపెట్టిన పద్ధతి. పొద్దు కుంకాక బండిని మా ఇంటి ముందు నిలిపి లైట్లు వేస్తే, అమ్మ దండెం మీది నాలుగు చిలపలూ చేతికి వేసుకుని వీధి వెంట కరెంటు స్తంభాల దాకా నడిచి వెళ్ళేది. అక్కడ నిలబడి ఒక్కో చిలప పైకెత్తేది. సీట్లో కూర్చున్న బాపు రంగు చెప్పాలి. చూపించడం అయిపోయిన చిలపను ఎడమ భుజం మీద వేసుకుని, ఇంకోటి ఎత్తేది. చీకట్లో ముందు పోయేది రంగే. ఆకారం కనిపిస్తూనే ఉంటుంది, ఎరుపేదో నీలమేదో తెలియదు. అందుకే ఆ పరీక్ష నాకు చాలా శాస్త్రీయంగా కనిపించేది. వాడంతా అరుగుల మీదికి వచ్చేవాళ్ళు. "సరోజనా, మొగనికి బడి పెట్టినవా ఏంది?" అని ఒకరు, "ఓ అన్నా, తప్పు చెప్తే రాత్రికి బువ్వ లేదట," అని ఇంకొకరు. బాపు కిటికీలోంచి చెయ్యి ఊపి, "జర నోరు మూసుకోరి, ఎదురుంగ వెలుగు పడ్తాంది," అనేవాడు.

ఎల్‌ఈడీలు వేసిన సాయంత్రం మాత్రం ఎవరూ నవ్వలేదు. రెండో స్తంభం దగ్గరే బాపు నీలాన్ని ఆకుపచ్చ అన్నాడు. పసుపును చూసి ఏమీ అనలేదు. "ఎత్తు, ఎత్తు సరోజనా," అన్నాడు. అమ్మ అప్పటికే ఎత్తి నిలబడి ఉంది.

నేను లోపం ఇప్పుడు వెలుతురు రంగులో ఉందనుకున్నాను. శీతాకాలం వస్తోంది, మరిపెడ దారిలో పొద్దున పొగమంచు కమ్ముతుంది, తెల్లటి వెలుతురు మంచు మీద పడి వెనక్కి కొడుతుంది. కాబట్టి ఎల్‌ఈడీలు తీసేసి మళ్ళీ హాలోజన్ వేసి, బంపర్ కింద పసుపు ఫాగ్ లైట్లు పెట్టాలని తేల్చాను. మంచులో పసుపు రంగుకున్న గొప్పతనం చాలావరకు జనం నమ్మకమే. అసలు సంగతి ఎత్తు. వెలుతురు మంచు కిందినుంచి, నేలను పట్టుకుని, పక్కలకు పరుచుకుంటూ పోవాలి. బంపర్‌కు కింద పట్టీలు బిగించాను. బండిని చదునైన చోట నిలిపి, ఎదుటి గోడ మీద బొగ్గుతో గీత గీసి, వెలుతురు పై అంచు ఆ గీత కిందే ఆగేట్టు స్క్రూలు తిప్పాను. విడిగా రిలే, విడిగా ఫ్యూజు, విడిగా స్విచ్చు. నా చేతులతో చేసిన పనుల్లో అంత శుభ్రమైన పని ఇప్పటికీ ఇంకోటి లేదు. ఆ సాయంత్రం అమ్మ రెండో స్తంభం దాటి, మూడోదీ దాటి వెళ్ళింది. బాపు ఒక్కొక్కటే చెప్పాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఇంకొంచెం దూరం పొమ్మన్నాడు. మళ్ళీ అన్నీ సరిగ్గా చెప్పాడు. బండి దిగి నా వీపు మీద గట్టిగా చరిచాడు. "ఇది బల్బు అంటే! ఇగ ఫికర్ లేదు. ఏ మంచుల పొమ్మన్నా పోత."

ఆ శీతాకాలంలోనే ఒక పొద్దున, ఇంకా సరిగ్గా తెల్లారకముందు, బాపు బండి తీసిన కాసేపటికి వీధి చివర నుంచి వెదురు బద్దలు టపటపా రాలిన చప్పుడైంది. మా వాడలో వీరస్వామి పెద్దబాపు ఒక్కడే అప్పటికీ వీధిలో పడుగు సాగదీసేవాడు. నేయబోయే నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా గుంజల మధ్య లాగి కట్టి, గంజి పెట్టి, ఎండ పొడకు ఆరబెట్టడం. మగ్గం ఉన్న వాడలో పుట్టినవాడు కలలో కూడా పడుగును దాటడు. చిన్నపిల్లలు సైతం ఆటలో పరిగెత్తుతూ వచ్చి పడుగు దగ్గర ఆగి చుట్టూ తిరిగి పోతారు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి పికప్ ఆ పడుగు మధ్యలో ఉంది. హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు అన్నీ వెలుగుతున్నాయి. తెగిన పోగులు ఆ వెలుతురులో బంగారు తీగల్లా మెరుస్తున్నాయి. ఏ లైటుకూ ఏ లోపమూ లేదు. నేల మీద పడ్డ సూది కూడా కనిపించేంత వెలుతురు.

పెద్దబాపు ఇంట్లోంచి అరుస్తూ వచ్చాడు. "ఎవడ్రా వాడు? ఎవని బండిరా?"

"నేనే అన్నా."

"నువ్వా? మగ్గపోల్ల ఇంట్ల పుట్టి పడుగు మీదికెల్లి బండి పోనిచ్చినవారా? నీ చేతులు..." అని మాట మధ్యలో ఆపేశాడు. బాపు బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గంజి తడి ఇంకా ఆరని పోగుల మధ్య రెండు చేతులతో తడుముతున్నాడు.

"ఏం దేవులాడుతానవ్రా?"

"కొసలన్నా. అతికిద్దామంటే కొసలు దొరుకుతలేవు."

పెద్దబాపు వంగి బాపు ముఖంలోకి చూశాడు. తన చెయ్యి బాపు కండ్ల ముందు అటూ ఇటూ ఆడించాడు. తర్వాత భుజాలు పట్టుకుని లేపి, తన అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను వెళ్ళి బండి లైట్లు ఆపేశాను.

దవాఖానలో డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. కంటి లోపలి పొర నెమ్మదిగా ఎండిపోయే జబ్బు, పుట్టుకతోనే రాసిపెట్టి వచ్చేది, తండ్రి నుంచి బిడ్డకు దిగేది. మీ నాన్నగారికి ఉండేదా అని అడిగాడు.

"మా బాపుకు మగ్గంతోని పోయినయ్ సార్," అన్నాడు బాపు.

"మగ్గంతో కాదండీ. ఇదే అయి ఉంటుంది."

బాపు కుర్చీలో ముందుకు జరిగాడు. మందుందా అని అడిగాడు. లేదన్నాడు డాక్టర్. ఆపరేషన్? లేదు. చివరికి, సిగ్గుపడుతున్నట్టు, "మరి లైట్లు ఇంకా పెద్దయి ఏసుకుంటె?" అని అడిగాడు. డాక్టర్ నవ్వలేదు. ఏ లైటు వేసినా ఇంతేనండీ అన్నాడు. పిల్లలను కూడా ఒకసారి చూపించండి అన్నాడు. బాపు తల తిప్పి నేను ఎక్కడున్నానో వెతికి, నా వైపు చెయ్యి చూపించి, "వాడు మగ్గం మీద కూసోలేదు సార్. గుంట నేనే పూడ్పించిన," అన్నాడు. అప్పటికి డాక్టర్ చెప్పి ఎంతోసేపు కాలేదు. చెప్పింది బాపు విన్నాడు. అయినా ఆ మాటే అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ బావి దగ్గర గిన్నెలు తోముతూ, నేను అడగకుండానే చెప్పింది. "నేను వరస మార్చకపోతుంటిరా. ఎర్రది, నీలిది, ఆకుపచ్చ, పసుపు. మొదట్ల మార్చి మార్చి ఎత్తుతుంటి. ఎల్‌ఈడీలు ఏసిన దినం ఆయన మొకం చూడలేకపోయిన. మల్లసారి కెల్లి గదే వరసల ఎత్తిన. ఆయన చెప్పుకుంట పోయిండు."

"బాపుకు తెల్సా?"

"ఏమో బిడ్డా. ఆయన అడగలే, నేను చెప్పలే."

ఇప్పుడు నా ఉద్యోగమే పరీక్షించడం. ఎవరో రాసిన ప్రోగ్రామ్ పనిచేస్తుందో లేదో చూడడం, ఏ వరుసలో ఏం చేస్తే ఎక్కడ ఆగిపోతుందో పట్టుకోవడం. ఒకే వరుసలో పరీక్ష పెడితే ఫలితం నమ్మకూడదనేది కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదట చెప్పే మాట. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో చెప్పను. తాత కాలంలో లోపం మగ్గంలో ఉండేది, పూడ్చడానికి ఒక గుంట ఉండేది. బాపు కాలంలో లోపం లైట్లలో ఉండేది, కొనడానికి ఒక బల్బు ఉండేది. తెలియనితనం వాళ్ళకు ప్రతి ఏడూ చేసుకోవడానికి ఒక పని ఇచ్చింది. నాకు అన్నీ తెలుసు. జబ్బు పేరు తెలుసు, ఏది ముందు పోతుందో, ఏది తర్వాత పోతుందో తెలుసు. ఆ తెలివితో చేయడానికి మాత్రం ఏమీ లేదు. డబ్బాలోని బల్బులను చూస్తే, నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. వాళ్ళ మీద అసూయ లాంటిది కలిగింది.

డబ్బా అడుగున, బండితో పాటు వచ్చిన మామూలు కంపెనీ బల్బులు ఉన్నాయి. కొనేవాడికి వాటినే వేసి ఇద్దామనుకున్నాను. నూలు పోగులతో పట్టుకుని హోల్డర్‌లో కూర్చోబెడుతుంటే, బాపు కుర్చీలోంచి, "వేలు తగలనియ్యకు," అన్నాడు. ఫాగ్ లైట్ల అద్దాలు తుడిచాను. స్విచ్చు వేస్తే అన్నీ ఒక్కసారే వెలిగాయి. నా రిలేలు ఇన్నేళ్ళకూ చెక్కుచెదరలేదు.

పొద్దు కుంకుతుండగా మల్లేశం వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడు, కూరగాయలు పండిస్తాడు, తన పంట తానే మార్కెట్‌కు తెచ్చుకోవాలని బండి కొంటున్నాడు. టైర్లు తన్ని చూశాడు, ఇంజను విన్నాడు.

"లైట్లు మంచిగున్నయా పెద్దనాయినా? మా దిక్కు పొద్దుగాల మంచు ఎక్కువ."

"ఈడ ఉత్త మాటలు లేవు. పరీక్ష చేసే ఇస్తం," అన్నాడు బాపు. చాలా ఏళ్ళకు ఆయన గొంతులో పాత హుషారు వినిపించింది. "సరోజనా, చిలపలు తే. అరేయ్, నువ్వు సీట్ల కూసో. నీకెర్కనే కద పద్ధతి."

మల్లేశం నవ్వి, "కానియ్యుండ్రి, నేను గీ లోపు ట్రాలీ అడుగు చూసుకుంట," అని బండి వెనక్కి వెళ్ళి, రేకును పిడికిలితో కొట్టి చూసుకోసాగాడు. అరుగుల మీద ఎవరూ లేరు. వీరస్వామి పెద్దబాపు పోయి చాలా కాలమైంది, ఆయన ఇల్లు అద్దెకిచ్చారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. అమ్మ దండెం మీది చిలపలు చేతికి వేసుకుని బయల్దేరింది. మొదటి స్తంభం దాటింది. రెండో దాని దగ్గర నిలబడింది. అమ్మ అక్కడ ఉందని తెలుస్తోంది. చెయ్యి పైకి లేచిందని తెలుస్తోంది. చేతిలో ఏదో ఉంది. దాని రంగు బూడిద.

పక్కన కుర్చీలో బాపు ముందుకు వంగి నా గొంతు కోసం చెవి పెట్టి ఉన్నాడు.

"ఎరుపు," అన్నాను.

వీధి చివర అమ్మ చెయ్యి అట్లాగే పైన ఉంది, కొంచెం ఎక్కువసేపే. తర్వాత దిగింది. మళ్ళీ లేచింది.

"నీలం."

"ఆకుపచ్చ."

"పసుపు."

"అన్నీ సరిగ చెప్పిండా?" బాపు వీధిలోకి కేక వేశాడు.

అమ్మ నడిచి వస్తోంది. వరండా ట్యూబ్‌లైటు కిందికి వచ్చాక, "అన్నీ సరిగనే చెప్పిండు," అంది.

"మరి! బల్బు అంటే గది. వాని కండ్లు నా లెక్క కావు," అన్నాడు బాపు, మల్లేశానికి వినిపించేట్టు.

అమ్మ ఎడమ భుజం మీద నాలుగు చిలపలున్నాయి. చివర చూపించింది పైన ఉంటుంది. నా లెక్క ప్రకారం పైన పసుపు ఉండాలి. ట్యూబ్‌లైటు వెలుతురులో నాకు స్పష్టంగానే కనిపించింది, పైన ఎరుపు ఉంది. ఈసారి అమ్మ వరుస మార్చింది. పాత వరుస నాకు అవసరం లేదనుకుని మార్చిందో, నా చూపు మీద అనుమానం వచ్చి మార్చిందో తెలియదు. ఆమె అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. చిలపలను ఒక్కొక్కటే దండెం మీద వేసింది, పాత వరుసలోనే.

మల్లేశం తాళం చెవి తీసుకుని బండి ఎక్కాడు. వీధి మలుపు దాకా ఆ లైట్లు రెండు గోడల మధ్య నిండుగా పరుచుకుంటూ వెళ్ళాయట, బాపు అడిగితే అమ్మ చెప్పింది. చప్పుడు వినిపించినంతసేపు బాపు విన్నాడు. ఆ తర్వాత ముగ్గురం ఇంట్లోకి కదిలాం. పుట్టినప్పటి నుంచి నేను ఎక్కి దిగుతున్న గడప అది. అమ్మ ఒక చేత్తో బాపు చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి చీకట్లోంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"పైలం బిడ్డా," అంది మెల్లగా, "మెట్టున్నది."